నన్నే బీ బండి మీద పల్లీ లేదు

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా సాగర్ రోడ్డు మీద ఒక నీలం రంగు టిఫిన్ బండి ఉంటుంది. అది నన్నే బీది. ఆమె గురించి రాయగలిగిన చదువుకున్నవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. కానీ వాళ్లలో ఒక్కరూ ఆమె బండి దగ్గర ఒకే పూట ఇరవై రెండు ఇడ్లీలు తినలేదు. నేను తిన్నాను. కాబట్టి రాసే హక్కు నాది. పేరు విద్యాసాగర్. పేరు చూసి నమస్కారం పెట్టకండి, తొమ్మిదో తరగతి సగంలోనే బడికీ నాకూ పడక విడిపోయాం. బడి నన్ను తలుచుకుని ఇప్పటికీ బాధపడుతోందని విన్నాను. నేను ఆటో నడుపుతాను.

నన్నే బీకి అరవై దాటాయి. మనిషి నా భుజం దాకా కూడా రాదు, గొంతు మాత్రం బస్సు హారన్ కంటే ఒక మెట్టు పైన ఉంటుంది. ఆమె భర్త ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టేవాడు. ఊళ్లలోకి ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి, ఆయన పని తగ్గింది, కొన్నాళ్లకు ఆయనే లేకుండా పోయాడు. "ట్రాక్టరుకు నాడాలు కొడ్తనంటె ఎవ్వడు ఒప్పుకోకపాయె" అని ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆరేళ్ల కొడుకు సత్తార్‌ను వెంటబెట్టుకుని వచ్చి బస్టాండు ముందు పొయ్యి పెట్టింది. ఒంటరి ఆడమనిషి రోడ్డు మీద పొయ్యి పెట్టడమేమిటని పదిమంది అన్నారు. ఆ పదిమందికీ మర్నాడు పొద్దున్నే ఆకలేసింది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఆమెను నిలబెట్టింది పల్లీ చట్నీ. మన దగ్గర ఇడ్లీ అనేది పల్లీ చట్నీ తినడానికి ఒక సాకు, అంతే. నన్నే బీ పల్లీలను ఇనప మూకుడులో సన్నని మంట మీద వేయించి, పొట్టు సగం తీసి సగం ఉంచి, పచ్చిమిర్చి, చింతపండు, ఎల్లిపాయ వేసి రుబ్బేది. ఆమె పల్లీలు వేయిస్తుంటే అక్కడెక్కడో మన్నెగూడ దాటుతున్న బస్సులో కండక్టరు టికెట్లు కొట్టడం మర్చిపోయేవాడు. ఒకసారి ఒక పెళ్లికొడుకు కారు దిగి రెండు ప్లేట్లు తిని, మూడోది అడుగుతుండగా ముహూర్తం దాటిపోయింది. అయ్యగారు ఇంకో ముహూర్తం వెతకాల్సి వచ్చింది. ఆయన కూడా ఇక్కడే తింటూ వెతికాడు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు బండి తీసెయ్యమని టేపు పట్టుకుని వచ్చిన మనిషి చేతిలో ఆమె ఒక ప్లేటు పెట్టింది. అక్కడ రోడ్డు ఇప్పటికీ కాస్త పక్కకు వంగి ఉంటుంది. నమ్మనివాళ్లను నా ఆటోలోనే తీసుకెళ్లి చూపిస్తాను.

ఇక ఆమె ముక్కు. రోడ్డుకు అవతల భూపాల్ అనే అతనిది ఇంకో టిఫిన్ సెంటర్. అక్కడ పల్లీలు ఒక్క వన్నె ఎక్కువ వేగితే, ఇవతల దోశ తిప్పుతూనే "భూపాలూ, మాడుతున్నయిరా, దించు" అని అరిచేది. నేను చెప్పిన మిగతావన్నీ మర్చిపోయినా సరే, ఈ ముక్కును గుర్తుపెట్టుకోండి.

ఇంతటి మనిషి ఇంట్లో, సొంత మనుమరాలికే పల్లీ పడదు.

నజ్మా సత్తార్ కూతురు. మూడేళ్లప్పుడు మొదటిసారి చట్నీ నాకించారు. పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. దవాఖానలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, పల్లీ పెట్టనే పెట్టొద్దని చెప్పింది. నన్నే బీ ఆ రోజు పొయ్యి తొందరగా ఆర్పేసింది. సాయంత్రం నన్ను పిలిచింది.

"సాగర్‌గా, మా ఇల్లు కట్టిందే పల్లీతోని. గా ఇంట్ల పుట్టినదానికి పల్లీ పడదంటె ఎట్లరా?"

"డాక్టరమ్మ అబద్ధం చెప్తదా అవ్వా?"

"నువ్వు చెప్తవ్ గదా. ఆమె ఎందుకు చెప్పదు?"

నమ్మినా నమ్మకపోయినా, అప్పటినుంచి నజ్మాను బండి దగ్గరికి రానివ్వలేదు. వాళ్ల ఇల్లు వెనక గల్లీలోనే. పిల్ల పొద్దున్నే మిద్దె మీదికెక్కి బండినే చూస్తూ ఉండేది. ఆమెకు కావలసింది ఒక్కటే. బండి ముందు ఒక ఎర్ర స్టూలు ఉంది. అందరిలాగా దాని మీద కూర్చుని, అందరి మధ్య, దాదీ చేతి ఇడ్లీ పొగలు కక్కుతుండగా తినాలి.

"దాదీ, గా ఎర్ర స్టూల్ మీద నేనెప్పుడు కూసుంట?"

"పెద్దగైనంక."

"ఎంత పెద్ద?"

"మీ సాగర్ మామంత."

"గంత లావు నేను గాను" అంది ఆ పిల్ల. దాదీ నోరు తప్పకుండా వచ్చిందని అప్పుడే తెలిసిపోయింది.

పోయిన చలికాలం, నజ్మాకు ఐదేళ్లు నిండాక, ఒక సెలవు రోజున నన్నే బీ మెత్తబడింది. పిల్లను తెచ్చి ఎర్ర స్టూలు మీద కూర్చోబెట్టింది. కొత్త ప్లేటు తీసింది. ఆవిరి పాత్రలోంచి నేరుగా రెండు ఇడ్లీలు తీసి, వాటి మీద సాంబారు పోసింది. చట్నీ చుక్క కూడా పెట్టలేదు. పక్క స్టూలు మీద నేనే ఉన్నాను, నేనే సాక్ష్యం.

మూడో ముక్కకు పిల్ల దగ్గింది. కళ్లు, పెదవులు చూస్తుండగానే ఉబ్బాయి. "దాదీ" అన్న మాట సగమే బయటికి వచ్చింది.

నేను దేనికైనా పది కలిపి చెప్పే మనిషిని. దీనికి మాత్రం ఏమీ కలపడం లేదు. ఆటోలో సత్తార్ ఒళ్లో పిల్ల, పక్కన నన్నే బీ. చౌరస్తా దగ్గర వరికోత మిషన్ ఒకటి రోడ్డుకు అడ్డంగా మళ్లుతోంది. నా హారన్ ఎవరికీ వినబడలేదు. నన్నే బీ కిందికి దిగి, చేతిలో ఉన్న గంటెతో ఆ మిషన్ రేకు మీద ఠంగు ఠంగున కొట్టింది. మిషన్ ఆగింది. సందులోంచి దూరి దవాఖాన చేరాం. డాక్టరమ్మ తొడకు సూది వేసింది. కాసేపటికి పిల్ల ఊపిరి కుదురుకుంది.

"ఏం తినిపించిన్రు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఇడ్లీ, సాంబార్. అల్లా చూస్తున్నడు, చట్నీ చుక్క పెట్టలె" అంది నన్నే బీ.

డాక్టరమ్మ ఆమె చేతి వంక చూసింది. గంటె ఇంకా అక్కడే ఉంది.

"గది దేనిది?"

"సాంబార్ గంటె."

"సాంబార్‌దేనా, చట్నీల కూడ గదే పెడ్తరా?"

టిఫిన్ బండి ముందు ఒక్కసారైనా నిలబడినవాళ్లకు జవాబు తెలుసు. గంటె ఒక్కటే. చట్నీలో ముంచి ప్లేటులో పోసి, అదే ఊపులో సాంబారు గిన్నెలోకి. చెయ్యి ఆగకుండా రెండూ వడ్డించడమే నన్నే బీ పనితనం. ఇరవై ఆరేళ్లలో ఆ గంటె అంచు ఒక పక్కకు అరిగిపోయింది కూడా. ఆమె దాన్ని ఎవరిదో వస్తువులా తిప్పి తిప్పి చూసింది.

"గోరంత చాలు ఈ పాపకు" అంది డాక్టరమ్మ. "ఏం గాదులే అనుకుంటె మళ్లీ ఇక్కడికే వస్తరు." ఒక మందు ఇచ్చి, అవసరం పడితే ఎలా వాడాలో సత్తార్‌కు రెండుసార్లు చేసి చూపించింది. అది వాడినా సరే ఇంట్లో ఆగకుండా వెంటనే తీసుకురావాలని చెప్పింది.

ఆ సాయంత్రమే నన్నే బీ మూకుడు, గంటె, సగం బస్తా పల్లీలు మోయించుకుని వెళ్లి భూపాల్ మెట్ల మీద దించింది. అతను బిత్తరపోయాడు.

"అవ్వా, పానం బాగ లేదా?"

"నా పానం బాగనే ఉన్నది. నీ చట్నీ బాగ లేదు. గీ మూకుట్ల వేయించు, జర మనుషులు తినేటట్టు వస్తది."

ఇంటికొచ్చాక కొడుకు అడ్డం తిరిగాడు. సత్తార్ మెత్తని మనిషి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెనం ముందు నిలబడి దోశలు పోస్తాడు, తల్లి మాటకు ఎదురు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు.

"అమ్మీ, పోరిని ఇంట్లనే ఉంచుదాం. పల్లీ చట్నీ లేకుంటె బండికెవ్వలొస్తరు? నెల తిరిగేసరికి మూతపడ్తది."

"పడనియ్యి."

"పడితె ఏం తింటం?"

"ఇరవై ఆరేండ్లు లోకానికి పెట్టిన. నా మనుమరాలికి పెట్టరాని బండి నాకెందుకురా?"

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వాళ్లలో ఏ దీక్షకైనా నలభై రోజుల లెక్క ఉంటుంది. నలభై రోజులు బండి మీద పల్లీ పొట్టు కూడా ఉండకూడదు. నలభయ్యో రోజు పొద్దున నజ్మా వచ్చి ఎర్ర స్టూలు మీద తింటుంది. అప్పటికి గిరాకీ నిలబడకపోతే మాత్రం పల్లీ తిరిగి రావాలి, పిల్ల మిద్దె మీదే ఉండాలి. "సరే" అంది నన్నే బీ. ఆ సరే ఎలా అందంటే, వినేవాడికి ఒప్పుకున్నట్టు కాదు, జబ్బలు చరిచినట్టు ఉంటుంది.

బండిని వేడినీళ్లతో కడిగారు. గిన్నెకొక గంటె వచ్చింది, పిడులకు రంగురంగుల గుడ్డ పీలికలు కట్టారు. మిక్సీ కొత్తది, నూనె పొద్దుతిరుగుడుది. మొదటి రోజు మొదటి గిరాకీ మా కండక్టర్ జాకబ్. ప్లేటు చూసుకుని ఆగిపోయాడు.

"అవ్వా, చట్నీ మర్చిపోయినవ్."

"మరువలె. గదే చట్నీ. సొరకాయది."

"నేను టిఫిన్‌కు వచ్చిన్నా, పథ్యానికి వచ్చిన్నా?"

"తిని మాట్లాడు. తినకముందే మాట్లాడేటోళ్లకు భూపాల్ ఆవల కుర్చీలేసిండు."

జాకబ్ తిన్నాడు. మర్నాడు రాలేదు. ఆ వారంలో డ్రైవర్లు సగం మంది రోడ్డు దాటారు. 'రెండు రకాల పల్లీ చట్నీ' అని భూపాల్ బోర్డు కట్టాడు. నన్నే బీ దాన్ని చూసి, అక్షరాలు వంకరగా ఉన్నాయని మాత్రం అంది.

ఆమె ఊరుకోలేదు. రోజుకొకటి చేసి ముందు నా ప్లేటులో పడేసేది. ఆ నలభై రోజులు నేను ఆటో నడపలేదు, నోరు నడిపాను. టమాట చట్నీలో అల్లం వేసింది, బాగుంది. బీరకాయ తొక్కులో కొత్తిమీర దట్టించింది, ఇంకా బాగుంది. మెంతికూర ఇడ్లీ చేసినరోజు నా నాలుక సెలవు చీటీ రాసిచ్చి మూడు రోజులు కనబడకుండా పోయింది. జొన్న దోశకు వారం పట్టింది. మొదట అట్టముక్క, తర్వాత అప్పడం, ఆఖరికి దోశ. మా బియ్యప్పిండి రొట్టె సర్వపిండిలో పల్లీలు తీసేసి, సొరకాయ తురుము, నానబెట్టిన శనగపప్పు వేసి గిన్నెకు ఒత్తి కాల్చింది. అడుగు ఎర్రగా కరకరలాడే ఆ సర్వపిండి తిన్నరోజు, పల్లీ అనేదాన్ని భూమ్మీద ఎవరు కనిపెట్టారో ఒక్క నిమిషం గుర్తుకు రాలేదు నాకు. ఇదంతా పెట్టేముందు నజ్మాకు పడుతుందో లేదో ఒక్కొక్కటీ డాక్టరమ్మను అడిగేది. అడిగీ అడిగీ దవాఖానలో చౌకీదారు ఆమెను చూడగానే "ఇయ్యాల ఏం కూర?" అనేవాడు.

ఇరవై మూడో రోజున మన్నెగూడ నుంచి ఒకామె బస్సు దిగింది. పేరు హిమజ. చంకలో నాలుగేళ్ల కొడుకు సిద్ధార్థ. వాడికి పాలు పడవు, గుడ్డు పడదు. డాక్టరమ్మే చెప్పి పంపిందట.

"అమ్మా, ఇడ్లీ పిండిల పెరుగేమన్న కలుపుతరా? దోశ మీద వెన్న వేస్తరా?" ఆమె అడిగే తీరులోనే తెలిసింది, ఈ ప్రశ్న వంద చోట్ల అడిగి వంద చోట్ల చీదరింపు తిన్న మనిషని.

పాత నన్నే బీ అయితే "ఏం గాదు బిడ్డా, తినిపియ్యి" అనేది. మన దగ్గర పిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా తినిపించేది ఆ రెండు మాటలే. ఇప్పటి నన్నే బీ మాట్లాడకుండా ఒక్కొక్క డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టింది. పిండి, పప్పు, నూనె, పోపు గింజలు.

"గిదీ నేను వేసేది. నెయ్యి ఉన్న డబ్బా అగో, ఆడున్నది. రేపటి సంది అది ఉండది."

మర్నాటినుంచి నిజంగానే నెయ్యి డబ్బా లేదు. సిద్ధార్థ నీళ్లలో కాచిన రాగిజావ బెల్లంతో తాగి, జొన్న దోశ తిని, ఇంకోటి కావాలన్నాడు. హిమజ గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వీడు బయట తినుడు ఇదే మొదటిసారి" అంది. తర్వాత వారం ఆమె వెంట ఇంకో ఇద్దరు తల్లులు వచ్చారు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మన్నెగూడ ఎంత దూరం గనక. అయినా పాత గిరాకీలో సగం కూడా లేదు. సత్తార్ పెనం ముందు నిలబడి రోడ్డు అవతలికి చూస్తుండేవాడు. ఎన్నో రోజో నేను అడగకముందే చెప్పేవాడు.

నలభయ్యో రోజు వచ్చింది. ఇక్కడ నా ఘనకార్యం ఉంది, దాచను.

నాకు పల్లీ మీద ప్రాణం కొట్టుకుంటోంది. నలభై రోజులు ఓర్చుకున్న మగాణ్ణి, ఆ రోజు ఓర్చుకోలేకపోయాను. భూపాల్ దగ్గర చట్నీ చిన్న కవర్లో కట్టించుకుని, చొక్కా లోపల పెట్టుకుని వచ్చాను. ఆ రోజు నజ్మా వస్తుందని నాకు తెలుసు. తెలిసే తెచ్చాను. నా ప్లేటులో నేను తింటే ఏం కాదనుకున్నాను. గుట్టుగా ఇడ్లీ కింద పోసి, పైన సొరకాయ చట్నీ కప్పాను. ఆ పనితనం చూస్తే మేస్త్రీలు నా దగ్గర పని నేర్చుకుంటారు.

నజ్మా పచ్చ గౌను వేసుకుని వచ్చి ఎర్ర స్టూలెక్కింది. నా పక్కనే. హిమజ, సిద్ధార్థ ఎదురుగా ఉన్నారు. జాకబ్ కూడా వచ్చాడు, పిల్ల రోజు కదా చూసి పోదామని. పిల్ల ప్లేటు ఇంకా రాలేదు. నా ప్లేటు చూసి, చిన్నప్పటినుంచి నా దగ్గరున్న చనువుతో నోరు తెరిచింది.

"మామా, ఒక్క ముక్క పెట్టు."

పిల్ల నోరు తెరిస్తే మన చెయ్యి మనల్ని అడగదు, దానంతట అదే లేస్తుంది. నా చెయ్యి లేచింది.

నన్నే బీ మాకు వీపు పెట్టి ఇడ్లీ పాత్ర దించుతోంది. వెనక్కి తిరగకుండానే "పల్లీ" అంది. మరుక్షణం నా మణికట్టు ఆమె పిడికిట్లో ఉంది. ముక్క పిల్ల పెదవులకు జానెడు దూరంలో ఆగింది. ఆ పిడికిలి గుర్తులు నా చేతి మీద వారం ఉన్నాయి, ఇది కలిపి చెప్పడం కాదు. సత్తార్ పిల్లను ఎత్తుకుని అవతలికి వెళ్లిపోయాడు.

"అవ్వా, నా ప్లేట్లనే గదా, ఏం గాదనుకున్న" అన్నాను.

"ఏం గాదనుకున్నవ్. మంచిగ అనుకున్నవ్. కడుగు."

"ఏం కడగాలె?"

"బండి."

చేసిన ఇడ్లీలు, కలిపిన పిండి, చట్నీలు అన్నీ తీసి పక్కన పెట్టించింది. పెట్టని ప్లేటు కూడా మళ్లీ కడగాల్సిందే. తర్వాత గిరాకీ వైపు తిరిగింది. అప్పుడు అక్కడ పదిహేను మంది ఉన్నారు.

"బండి కడిగి మళ్ల పొయ్యి ముట్టియ్యాలె. గంట పడ్తది. ఆగేటోళ్లు ఆగున్రి. ఆగనోళ్లు రోడ్డు దాటున్రి, ఆడ మూకుడు గూడ నాదే ఉన్నది."

సత్తార్ తల్లి వైపు చూశాడు. ఆఖరి రోజు, ఉన్న పదిహేను మందిని కూడా ఆమే పొమ్మంటోంది. ఆమె తల తిప్పుకోలేదు.

ఐదుగురు లేచి వెళ్లారు. హిమజ కదల్లేదు. కొడుకును దించి, నా చేతిలోంచి ఒక పీచు లాక్కుని స్టూళ్లు తోమడం మొదలుపెట్టింది. జాకబ్ గడియారం చూసుకున్నాడు. బస్టాండులోంచి డ్రైవరు హారన్ కొట్టాడు. "ఈ ట్రిప్పు ఇంకో కండక్టర్‌ను ఎక్కించుకో" అని ఇక్కడినుంచే కేకేసి, బకెట్టు పట్టుకుని నీళ్లకు వెళ్లాడు. నేను నాలుగుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా విప్పి అవతల పారేసి, బనీను మీదే బండి నాలుగు చక్రాలతో సహా తోమాను. ఇబ్రహీంపట్నం మొత్తం నన్ను చూస్తూ పోయింది. భూపాల్ రోడ్డు అవతల నిలబడి నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, ఒక బిందె వేడినీళ్లు రోడ్డు మధ్యదాకా తెచ్చిపెట్టి పోయాడు. నన్నే బీ ఆ బిందెను ముందు వాసన చూసింది, తర్వాతే తీసుకుంది.

గంటా పది నిమిషాలకు, ఇంట్లో పులియబెట్టి ఉంచిన రెండో గిన్నె పిండితో మొదటి ఆవిరి లేచింది. నజ్మా ఎర్ర స్టూలు మీద కూర్చుంది, కాళ్లు నేలకు అందడం లేదు. రెండు ఇడ్లీలు, సొరకాయ చట్నీ. ఆమె తింటున్నంతసేపూ పదిమందిలో ఎవరూ తమ ప్లేటు ముట్టలేదు. రెండూ తినేసి, వేళ్లు నాకి, "దాదీ, ఉప్పు జర తక్కువైంది" అంది.

"అవ్" అంది నన్నే బీ. "రేపు రా, ఎక్కువేస్త."

సత్తార్ పెనం మీద నీళ్లు చల్లాడు. రోడ్డు అవతలికి చూడలేదు. "రేపటికి జొన్నపిండి ఎంత నానబెట్టాలె అమ్మీ?" అని మాత్రం అడిగాడు. ఒప్పందం మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు.

బండి వ్యాపారం ఇప్పుడు కూడా పాతంత పెద్దది కాదు. గిరాకీ సగమే, కానీ ఆ సగం రోజూ వస్తుంది. ముందు ఒక బకెట్టు, సబ్బు ఉంటాయి. చేతులు కడగనిదే ఎవరికీ ప్లేటు లేదు. పొద్దున రెండు గంటలు వాటికి అధికారి నేనే. మండలంలో ఇంతటి ఉద్యోగం ఇంకోటి లేదు. జేబులు కూడా నేనే తడిమి చూస్తాను, ఆ విద్యలో నా అనుభవం మీకు తెలిసిందే.

మొన్న ఒక పెద్ద కారు ఆగింది. దిగినాయన బండి పేరు విని వచ్చాడట.

"ఏమమ్మా, పల్లీ చట్నీ ఎందుకు లేదు? జర పక్కకు పెట్టుకుంటె ఏమైతది?"

నన్నే బీ దోశ తిప్పుతూనే గంటెతో రోడ్డు అవతలికి చూపించింది.

"పల్లీ ఆడున్నది. ఈడ నా మనుమరాలు కూసున్నది. నీకేది కావాల్నో చూస్కో."

ఆయన ఎర్ర స్టూలు వైపు చూశాడు. నజ్మా ఆయన వైపు చూసింది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని బకెట్టు దగ్గరికి వచ్చాడు. నేను సబ్బు అందించాను.